తోట నగరం నేల ఎవరిది?

స్వచ్ఛమైన గాలి, రసాయనాలు లేని తిండి, చెట్ల మధ్య చిన్న ఇల్లు, హడావుడి లేని బతుకు. ఈ మాటలతో ఇప్పుడు పట్టణాల చుట్టూ కొత్త నివాసాలు వెలుస్తున్నాయి. కొందరు వాటిని ఎకో విలేజ్ అంటారు, కొందరు వెల్‌నెస్ విల్లాలు అంటారు. వాటి ప్రకటనలు చదివిన మన పిల్లలు "ఇది మన గూడెమే కదా సార్, ఇందులో కొత్తేముంది?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ పూర్తి ప్రశ్న కాదు. తెల్లవారకముందే గెడ్డకు వెళ్లి బిందెలతో నీళ్లు మోసే ఆడవాళ్లది నెమ్మదైన బతుకు అని ఎవరైనా అంటే మనకు నవ్వొస్తుంది. నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకుపోయే ఊరికి గాలి ఒక్కటే ఆరోగ్యం ఇవ్వదు.

చెట్ల మధ్య ఆరోగ్యంగా బతికే ఊరిని ప్లాను వేసి కట్టాలన్న ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. ఈ రోజు మనకు తెలిసిన రూపంలో అది 125 ఏళ్ల కిందట ఇంగ్లండులో పుట్టింది. అందులో రెండు సగాలున్నాయి. ఒక సగం తోట, రెండో సగం నేల. తోట సగాన్ని ప్రపంచమంతా తీసుకుంది. నేల సగాన్ని చాలామంది వదిలేశారు. కొండ ప్రాంతాల్లో బతికే మనకు అసలు కావలసింది ఆ వదిలేసిన సగమే. అందుకే ఆ చరిత్రను ఇక్కడ చెప్పుకుంటున్నాం.

పొగలో పుట్టిన ఆలోచన

19వ శతాబ్దం చివరికి లండన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం. ఫ్యాక్టరీల పొగ, మురికి కాలువలు, ఒకే గదిలో ఒక కుటుంబం మొత్తం బతికే ఇరుకు ఇళ్లు. అమెరికా నుంచి చవక ధాన్యం ఓడల్లో దిగుతుంటే ఇంగ్లండు పల్లెల్లో వ్యవసాయం దెబ్బతింది. పని కోసం పల్లె జనం నగరానికి వలస వచ్చారు. నగరం ఇంకా ఇరుకైంది, పల్లె ఖాళీ అయింది.

కొందరు యజమానులు తమ కార్మికుల కోసం శుభ్రమైన ఊళ్లు కట్టారు. సబ్బుల కంపెనీ యజమాని లీవర్ 1888లో మొదలుపెట్టిన పోర్ట్ సన్‌లైట్ అలాంటిది. ఇళ్లు బాగుండేవి, తోటలుండేవి. కానీ ఇల్లు కంపెనీది. పని పోతే ఇల్లూ పోయేది.

ఈ కాలంలోనే ఎబెనెజర్ హోవార్డ్ అనే ఒక మామూలు ఉద్యోగి ఈ సమస్య గురించి ఆలోచించాడు. ఆయన 1850లో లండన్‌లో పుట్టాడు. ఇంజనీరు కాదు, భవనాల ప్లాన్లు గీసేవాడూ కాదు. షార్ట్‌హాండ్ రాసే గుమాస్తా. పార్లమెంటులో సభ్యులు మాట్లాడిన మాటల్ని రాసుకోవడం ఆయన బతుకుతెరువు. పేదల ఇళ్ల గురించి, భూమి గురించి పెద్దవాళ్లు ఏళ్ల తరబడి చేసిన చర్చలు ఆయన చెవిన పడ్డాయి.

ఆయన జీవితంలో మనం గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. 21 ఏళ్ల వయసులో, 1871లో, ఆయన అమెరికా వెళ్లాడు. నెబ్రాస్కాలో సర్కారు వలసవాళ్లకు ఇస్తున్న భూమిలో వ్యవసాయం చేయబోయి విఫలమయ్యాడు. తర్వాత కొన్నేళ్లు షికాగోలో ఉండి 1876లో తిరిగి వచ్చాడు. ఆ నెబ్రాస్కా నేల ఖాళీ నేల కాదు. అది పానీలు అనే ఆదివాసుల గడ్డ. సరిగ్గా ఆ 1870ల్లోనే వాళ్లలో మిగిలినవాళ్లను అక్కడి నుంచి కదిలించి దక్షిణాన, ఇప్పటి ఓక్లహోమా వైపు పంపేశారు. భూమి గురించి అంత లోతుగా ఆలోచించిన హోవార్డ్ కథలో కూడా, ఆ భూమి అంతకు ముందు ఎవరిది అన్న ప్రశ్న వినిపించదు. చరిత్ర చదివేటప్పుడు ఆ ప్రశ్న మనమే వేయాలి.

ఊరు పెరిగితే ధర ఎవరిది?

1898లో హోవార్డ్ ఒక చిన్న పుస్తకం రాశాడు. 1902లో దాన్నే కొంత మార్చి 'రేపటి తోట నగరాలు' అనే అర్థం వచ్చే పేరుతో మళ్లీ అచ్చు వేశాడు. అందులో మూడు అయస్కాంతాల బొమ్మ ఒకటుంది. మొదటిది నగరం. అక్కడ పని ఉంటుంది, కూడా పొగ ఉంటుంది. రెండోది పల్లె. అక్కడ గాలి ఉంటుంది, పని ఉండదు. రెంటిలోని మంచినీ కలిపితే వచ్చేది మూడో అయస్కాంతం, తోట నగరం.

దానికి ఆయన లెక్కలు కూడా వేశాడు. మొత్తం 6,000 ఎకరాలు. నడుమ 1,000 ఎకరాల్లో ఊరు. చుట్టూ 5,000 ఎకరాల్లో పొలాలు, పాడి, అడవి. అంటే ఆరింట అయిదు వంతులు ఎప్పటికీ ఇళ్లు లేని నేలగానే ఉండాలి. జనం 32,000. అంతకు మించితే ఊరిని ఉబ్బించకూడదు, దూరంగా ఇంకో ఊరు కట్టుకోవాలి. బడులు, తోటలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు అన్నీ నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి.

ఇంతవరకు అందరికీ తెలిసిన తోట సగం. రెండో సగం ఇది. పొలం భూమిని ఎకరం 40 పౌండ్ల చొప్పున 2,40,000 పౌండ్లకు కొందామన్నాడు. అక్కడ 32,000 మంది చేరితే ఆ భూమి ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలుగా ఆ లాభం భూస్వామి జేబులోకి పోతుంది. హోవార్డ్ అడిగిందిదీ: ధర పెంచింది ఎవరు? భూస్వామి ఏమీ చేయలేదు. రోడ్డు వేసినవాళ్లు, అంగడి పెట్టినవాళ్లు, అక్కడికొచ్చి బతికినవాళ్లు పెంచారు. కాబట్టి ఆ లాభం వాళ్లదే కావాలి.

అందుకు ఆయన మార్గం కూడా చెప్పాడు. భూమిని ముక్కలుగా అమ్మకూడదు. ఊరందరి తరఫున ధర్మకర్తల పేరున ఉంచాలి. ఉండేవాళ్లు ఊరికే కౌలు కడతారు. ఆ కౌలుతో మొదట అప్పు మీద వడ్డీ, తర్వాత అసలు తీరుతుంది. మిగిలిన డబ్బుతో బడులు, రోడ్లు నడుస్తాయి. అప్పు పూర్తిగా తీరాక ముసలివాళ్లకు పింఛను కూడా ఇవ్వవచ్చు. అంటే తోట నగరంలో తోట కంటే ముందు వచ్చేది ఊరుమ్మడి నేల.

లెచ్‌వర్త్

పుస్తకం అచ్చైన అయిదేళ్లకే పని మొదలైంది. 1903లో ఒక కంపెనీ పెట్టి లండన్‌కు ఉత్తరాన సుమారు 35 మైళ్ల దూరంలో, హర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో 3,800 ఎకరాలకు పైగా భూమి కొన్నారు. ఊరి పేరు లెచ్‌వర్త్. ప్లాను గీసినవాళ్లు రేమండ్ అన్విన్, బ్యారీ పార్కర్. ఎకరానికి 12 ఇళ్లకు మించకూడదని అన్విన్ పట్టుపట్టాడు. ప్రతి ఇంటికీ వెలుతురు రావాలి, ప్రతి ఇంటి వెనక కూరగాయలు పండించుకునే జాగా ఉండాలి. 1905లో 150 పౌండ్లకు కట్టగలిగే చవక ఇళ్ల ప్రదర్శన పెడితే, వాటిని చూడటానికి జనం రైళ్లలో వచ్చారు.

నెమ్మదైన, ఆరోగ్యమైన బతుకు కోరుకున్న రకరకాల మనుషులు అక్కడ చేరారు. శాకాహారులు, చెప్పుల్లేకుండానో తోలు శాండల్స్‌తోనో తిరిగేవాళ్లు, ఆరుబయట నిద్రపోతే ఆరోగ్యమని నమ్మేవాళ్లు. క్లాయిస్టర్స్ అనే భవనంలో అయితే మనుషులు బయటిగాలి తగిలేలా వేలాడే ఊయల పడకల్లో పడుకునేవారు. లండన్ పత్రికలు వీళ్లను చూసి నవ్వుకున్నాయి. ఊరి నడుమ సారా దుకాణం వద్దని జనం ఓటు వేసి తీర్మానించుకున్నారు. 1907లో తెరిచిన సత్రంలో మద్యం బదులు వేడి పానీయాలు అమ్మారు.

అదే సమయంలో ఆ ఊరు వట్టి విశ్రాంతి స్థలం కాలేదు. ఫ్యాక్టరీలు వచ్చాయి, అచ్చు యంత్రాలు వచ్చాయి. పని ఉన్నచోటే ఊరు నిలుస్తుందని హోవార్డ్‌కు తెలుసు.

లోటు కూడా చెప్పుకోవాలి. ఇళ్లు కట్టిన కూలీల్లో చాలామందికి ఆ ఇళ్ల అద్దె అందలేదు. వాళ్లు పక్క ఊళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చి పనిచేసి పోయేవారు. భూమి కొనడానికి డబ్బు పెట్టినవాళ్లు కంపెనీ వాటాదారులు. వాళ్లకు ఏడాదికి 5 శాతానికి మించి లాభం పంచకూడదని, మిగతాది ఊరికే ఖర్చు చేయాలని నియమం పెట్టారు. కానీ భూమిని ఊరి చేతికి అప్పగించే పని మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. హోవార్డ్ 1928లో చనిపోయేనాటికి కూడా అది జరగలేదు. నేల కంపెనీ పేరునే ఉండిపోయింది.

మంచి ఉద్దేశం చాలలేదు

అసలు ప్రమాదం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. ఊరు పెరిగింది, భూమి ధర పెరిగింది. 5 శాతం నియమాన్ని వాటాదారులు ఎత్తేసుకున్నారు. దాంతో ఆ వాటాలు బయటి మదుపరుల కంటబడ్డాయి. 1960 ప్రాంతంలో ఒక హోటల్ సంస్థ ఆ వాటాలు కొంటూ పోయి కంపెనీ మీద పట్టు సంపాదించింది. దానికి ఊరితో పని లేదు. 60 ఏళ్లు జనం కలిసి పెంచిన విలువను ముక్కలుగా అమ్ముకునే వీలు దానికి దొరికింది.

అప్పుడు లెచ్‌వర్త్ జనం మేలుకున్నారు. ఊరి కౌన్సిల్‌తో కలిసి పార్లమెంటుకు వెళ్లారు. 1962లో ఈ ఒక్క ఊరి కోసమే ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం 1963లో భూమి ఒక ప్రభుత్వ కార్పొరేషన్ చేతికి వెళ్లింది. 1995లో దాని స్థానంలో ఒక ధర్మసంస్థ ఏర్పడింది. ఈనాటికీ ఆ నేల మీద వచ్చే అద్దెల ఆదాయం ఆ ఊరి అవసరాలకే తిరిగి వస్తోంది.

పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. హోవార్డే 1920లో వెల్విన్ అనే రెండో తోట నగరాన్ని మొదలుపెట్టాడు. 1948లో ప్రభుత్వం దాన్ని తన కొత్త పట్టణాల పథకంలో కలుపుకుంది. ఊరి భూమి మీద పెరిగిన విలువ ఊరివాళ్ల చేతికి రాలేదు. రెండు ఊళ్లలోనూ చెట్లు ఒకలాగే ఉన్నాయి, వీధులు ఒకలాగే ఉన్నాయి. నేల ఎవరి పేరున ఉంది అన్న ఒక్క విషయంలో తేడా వచ్చింది.

ఇక మిగతా ప్రపంచం తోట నగరం పేరు తీసుకుని చెట్లు, వంపు వీధులు, పచ్చిక మాత్రమే పట్టుకుపోయింది. ఊరుమ్మడి నేల, ఊళ్లోనే పని, చుట్టూ పొలాలు అన్న మూడూ రాలిపోయాయి. ప్లాట్లు వేసి అమ్మే ప్రతి కాలనీ తోట కాలనీ అయింది.

మన దేశంలో ఒక ప్రయోగం

ఇలాంటి ప్రయోగం మన దేశంలోనూ జరిగింది. పుదుచ్చేరి పక్కన, ఎక్కువ భాగం తమిళనాడులో ఉన్న ఆరోవిల్ 1968 ఫిబ్రవరి 28న మొదలైంది. ఆలోచన శ్రీ అరవింద ఆశ్రమపు 'మదర్' మీరా అల్ఫాసాది. ప్లాను ఫ్రెంచి ఆర్కిటెక్టు రోజే ఆంజేది. 50,000 మంది ఉండే నగరం అనుకున్నారు. ఇప్పటికీ కొన్ని వేలమందే ఉన్నారు. అప్పట్లో అది వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి మెట్ట. వాననీరు పారిపోకుండా కట్టలు వేసి, లక్షల మొక్కలు నాటి అక్కడ అడవిని పెంచారు. ఆ పని మెచ్చుకోదగినది. ఆ పనిలో చుట్టుపక్కల తమిళ పల్లెల కూలీల చెమట కూడా ఉందని మరవకూడదు.

ఆరోవిల్‌లో భూమి ఎవరి సొంతమూ కాకూడదన్నారు. కానీ 1973లో మదర్ చనిపోయాక ఆస్తుల మీద అధికారం ఎవరిదన్న తగాదా వచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. చివరికి 1988లో పార్లమెంటు ఆరోవిల్ ఫౌండేషన్ చట్టం చేసి ఆస్తులను ఆ ఫౌండేషన్ చేతిలో పెట్టింది. ఇక్కడ కూడా అదే పాఠం. అందరిదీ అని నోటితో అన్న నేల, కాగితం మీద ఎవరిదో తేలే రోజు ఒకటి వస్తుంది.

మన నేల, మన చట్టం

ఇప్పుడు మన గూడేలకు వద్దాం. మన్యంలో పల్లం భూములు ఆయా కుటుంబాలవి. పశువులు మేసే కొండ వాలు, నీటి ఊట, శంకుదేవుడి చోటు, అడ్డాకులు కోసుకునే అడవి ఊరందరివి. హోవార్డ్ లెక్కలు వేసి కాగితం మీద గీసిన ఊరుమ్మడి నేల మన తాతలకు అలవాటుగా ఉండేది. అయితే అలవాటు ఒక్కటే ఉన్నప్పుడు ఏమైందో కూడా మన చరిత్ర చెబుతుంది. ఉప్పుకు, బట్టకు, పెళ్లి ఖర్చుకు షావుకారి దగ్గర అప్పు చేసి భూములు పోగొట్టుకున్నాం.

అందుకే చట్టాలు వచ్చాయి. అవి ఊరికే రాలేదు. గిరిజనుల భూమి బయటివాళ్లకు పోకుండా ఆపాలని, వడ్డీకి హద్దు పెట్టాలని 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు ఒక చట్టం చేసింది. ఆదిలాబాదులో కొమరం భీము 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆ తర్వాతే అక్కడ పట్టాలు కదిలాయి. 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన వచ్చింది, 1963లో అది తెలంగాణకూ వర్తించింది. 1970లో దాన్ని గట్టి చేశారు. అదే మనం 1/70 అని పిలుచుకునేది.

1/70లో మూడు సంగతులు ప్రతి విద్యార్థికీ నోటికి రావాలి. ఒకటి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే అది చెల్లదు. రెండు, అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం భావిస్తుంది. మూడు, బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా బదలాయింపే.

ఈ మూడో సంగతి ఈ రోజు చాలా అవసరం. అరకు, లంబసింగి, మారేడుమిల్లి లాంటి చోట్లకు పర్యాటకులు పెరిగారు. కొండ మీద చల్లగాలికి ధర వచ్చింది. భూమి అడిగేవాళ్లు "అమ్మమనడం లేదు, లీజుకే ఇవ్వు, పేరు నీదే ఉంటుంది" అంటారు. పేరు మనది, పెత్తనం వాళ్లది అయ్యే ఏర్పాటును బినామీ అంటారు. గేటు పడ్డాక ఊట దగ్గరికి దారి మూసుకుపోతుంది. మన పిల్లవాడు తన తాత పొలంలో వాచ్‌మన్ అవుతాడు.

ఇంకా చట్టాలున్నాయి. 1996 నాటి పెసా చట్టం భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే బాధ్యతలో గ్రామసభకు చోటిచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భూమి వారసులకు వస్తుంది గాని, దాన్ని అమ్మడానికి, ఇంకొకరికి మార్చడానికి వీల్లేదు. లెచ్‌వర్త్ జనం 60 ఏళ్ల తర్వాత పార్లమెంటు చుట్టూ తిరిగి తెచ్చుకున్న రక్ష మనకు ఇప్పటికే ఉంది. దాన్ని మన చేత్తో మనం వదులుకోకుండా ఉండటమే మిగిలింది.

బడిలో, గ్రామసభలో

చట్టం నేలను కాపాడుతుంది. ఊరిని బాగు చేసుకోవడం మన పని. వెల్‌నెస్ పేరుతో బయటివాళ్లు కోరుకునేవన్నీ మన ఊళ్లో ఉన్నాయని మురిసిపోతే సరిపోదు. హోవార్డ్ ప్లానులో చెట్లతో పాటు ఆసుపత్రి, బడి, మురుగు కాలువ, పని కూడా ఉన్నాయి. అవి లేని పచ్చదనం చూడటానికి వచ్చేవాళ్లకే అందం.

ఉపాధ్యాయ మిత్రులు దీన్ని పాఠంగా చెప్పవచ్చు. సాంఘిక శాస్త్రం తరగతిలో పిల్లల చేత గూడెం పటం గీయించండి. ఇళ్లు, పల్లం భూమి, మేత బీడు, ఊట, దేవుడి చోటు, శ్మశానం, దారులు అన్నీ గుర్తించమనండి. ఏది ఎవరిదో, ఏది అందరిదో రంగులు వేయమనండి. లెక్కల తరగతిలో ఒక లెక్క ఇవ్వండి: ఎకరం లీజుకు ఏడాదికి వచ్చే డబ్బు ఎంత? అదే ఎకరంలో చోళ్లు, కాఫీ, మిరియాలు, పసుపు వేస్తే 30 ఏళ్లలో వచ్చేదెంత? అప్పటికి ఆ భూమి ధర ఎంత పెరుగుతుంది, ఆ పెరుగుదల ఎవరికి పోతుంది? హోవార్డ్ వేసిన లెక్క ఇదే. మన పిల్లలు దీన్ని ఎనిమిదో తరగతిలోనే వేయగలరు.

యువత చేయవలసింది గ్రామసభలో ఉంది. ఊట, మేత బీడు, అడవి మీద ఊరుమ్మడి హక్కుల పత్రం మన ఊరికి వచ్చిందో లేదో అడగాలి. రాకపోతే దరఖాస్తు పెట్టాలి. పర్యాటకులకు గదులు కట్టాలనుకుంటే మన సంఘం పేరున, మన నేల మీద, గ్రామసభ తీర్మానంతో మనమే కట్టవచ్చు. వచ్చిన ఆదాయంలో కొంత ఊరి మంచినీటికి, దారికి పోవాలని ముందే రాసుకోవచ్చు. లెచ్‌వర్త్ నుంచి మనం నేర్చుకోదగినది ఇదే. అక్కడి ఇళ్ల కప్పులు, పూల కంచెలు మనకు అక్కర్లేదు.

ఎవరైనా ఆరోగ్యమైన బతుకు పేరుతో కొండెక్కి భూమి అడిగితే, తోట ఎలా ఉంటుందో వాళ్లు రంగుల బొమ్మలో చూపిస్తారు. నేల ఎవరి పేరున ఉంటుందో, ఊటకు దారి ఎటు ఉంటుందో, పెరిగిన ధర ఎవరికి పోతుందో గ్రామసభలో నిలబెట్టి అడుగుదాం. జవాబు కాగితం మీద రాయించుకుని, చదవగలిగినవాళ్లం ఊరందరికీ చదివి వినిపిద్దాం.